చైనాకు చేరని సరుకు

యథార్థ గాథ

ఆ రాత్రి చాలా రోజుల తర్వాత వాళ్లకు ఒళ్లు వెచ్చబడింది. ఆ వెచ్చదనమే ప్రాణాల మీదికి తెచ్చింది.

1596 డిసెంబర్ 7. రష్యాకు ఉత్తరాన, నోవాయా జెమ్ల్యా అనే మంచు దీవి ఈశాన్యపు ఒడ్డున ఒక చెక్క ఇల్లు. లోపల 16 మంది డచ్చి నావికులు. సూర్యుడు కనబడక నెల దాటింది. గోడలకు లోపలి వైపున రెండు వేళ్ల మందాన మంచు పేరుకుంది. ఇంటి నడుమ పొయ్యి మండుతూనే ఉంది. దానికేసి కాళ్లు చాపితే మేజోళ్లు మాడిన వాసన ముందు ముక్కుకు తగిలేది. వేడి పాదానికి తెలిసేది ఆ తర్వాతే. ముఖం కాగుతుంటే వీపు మీద మంచు తెల్లగా పూసేది.

కట్టెలతో ఈ చలి ఆగేది కాదనుకున్నారు. ఓడలోంచి తెచ్చుకున్న రాక్షసి బొగ్గు ఎవరికో గుర్తొచ్చింది. సాయంత్రం రాజేశారు. ఇల్లంతా కాగింది. ఇంత వేడిని ఊరికే బయటికి పోనివ్వడం ఎందుకని పొగగొట్టం మూశారు, తలుపు బిగించారు, సందనేది లేకుండా చేశారు. పడకల్లోకి చేరి, చాలాసేపు కబుర్లు చెప్పుకుంటూ పడుకున్నారు.

ముందుగా జబ్బుతో ఉన్న ఒకడు మూలిగాడు. తల తిరుగుతోందన్నాడు. తర్వాత అతని పక్కవాడు. ఆ తర్వాత చూస్తే అందరిదీ అదే పరిస్థితి. కుంపటి పెట్టుకుని తలుపులు వేసుకుని పడుకుంటే ఏమవుతుందో మన ఇళ్లలో పెద్దలు చెబుతూనే ఉంటారు. వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్ కమ్మేస్తుంది. ఆ రోజుల్లో ఆ వాయువుకు పేరు కూడా లేదు. కాస్త ఓపిక మిగిలినవాళ్లు లేచి పొగగొట్టం తెరిచారు. ఒకడు వెళ్లి తలుపు తోసి, గడప అవతల మంచులో సొమ్మసిల్లి పడిపోయాడు. తలుపు దగ్గరి పడకలో ఉన్న గెర్రిట్ డి వీర్ గబగబా వెనిగర్ తెచ్చి వాడి ముఖానికి రాశాడు. బయటి గాలి లోపలికి దూసుకొచ్చింది. ఇన్నాళ్లూ చంపాలని చూసిన చలే ఆ రాత్రి 16 మందినీ బతికించింది. అందరూ తేరుకున్నాక కెప్టెన్ తలా ఒక గుక్క వైన్ పోశాడు.

డి వీర్ ఇదంతా తన దినచర్య పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పుస్తకం 1598లో అచ్చయింది. అందులోని ప్రతి పేజీలో చలి ఉంటుంది, ఎలుగుబంట్లుంటాయి, ఆకలి ఉంటుంది. జాగ్రత్తగా చూస్తే మరొకటి కూడా కనిపిస్తుంది. అది సరుకు. ఈ మనుషులు అక్కడికి వచ్చింది సాహసం కోసం కాదు, బేరం కోసం. వాళ్ల ఓడలో చైనాలో అమ్మాల్సిన సరుకుంది. ఆ సరుకు ఏమైందన్నదే ఈ కథ.

అడ్డదారి లెక్క

మిరియాలు, లవంగాలు, జాజికాయ. ఐరోపా వంటింట్లోకి ఇవి ఎక్కువగా లిస్బన్ రేవు నుంచి వచ్చేవి. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరినప్పటి నుంచి ఆఫ్రికా చుట్టూ తిరిగే దారి పోర్చుగీసువాళ్ల చేతిలో ఉంది. 1580లో పోర్చుగల్ స్పెయిన్ రాజు కిందికి వెళ్లింది. ఆ రాజుతోనే డచ్చివాళ్లు స్వాతంత్ర్యం కోసం యుద్ధం చేస్తున్నారు. లిస్బన్ రేవులో వాళ్ల ఓడలకు తలుపులు మూసుకుపోయాయి. దక్షిణాన వెళ్దామంటే దారి పొడవునా శత్రువే.

అయితే ఉత్తరం నుంచి వెళ్తే? ఆమ్‌స్టర్‌డామ్‌లో పెట్రస్ ప్లాన్షియస్ అనే పాస్టరు ఉండేవాడు. ఆదివారం ప్రసంగం చేసేవాడు, మిగతా రోజుల్లో పటాలు గీసేవాడు. ఆయన లెక్క చాలా తేలిక. వేసవిలో ధ్రువం దగ్గర సూర్యుడు అస్తమించడు. రాత్రీ పగలూ ఎండ కాస్తుంటే మంచు ఎలా నిలుస్తుంది? తీరాల దగ్గర కాస్త మంచు ఉంటే ఉండొచ్చు. దాన్ని దాటితే అవతల విశాలమైన నీరు. ఆ నీటి మీద తూర్పుకు సాగితే రష్యా నెత్తి మీదుగా చైనాకు దిగొచ్చు. కాగితం మీద ఆ దారి దగ్గరదారే.

ఈ లెక్కను నమ్మి సముద్రంలోకి దిగినవాడు విల్లెం బేరెంట్స్. టెర్షెల్లింగ్ దీవి మనిషి, దారి చూపడంలో ఆరితేరిన నావికుడు. 1594లో నోవాయా జెమ్ల్యా ఉత్తరపు కొస దాకా వెళ్లి, మంచు అడ్డుపడి తిరిగొచ్చాడు. 1595లో 7 ఓడలతో వెళ్లారు, మళ్లీ మంచు అడ్డుపడింది. ఈ రెండు ప్రయాణాల్లోనూ యాన్ హైఖెన్ వాన్ లిన్స్‌ఖోటెన్ కూడా ఉన్నాడు. గోవాలో ఆర్చిబిషప్పు కొలువులో ఐదేళ్లు పనిచేసి, పోర్చుగీసు వ్యాపార గుట్టంతా మూటగట్టుకుని వచ్చిన మనిషి ఆయన.

రెండుసార్లు చేతులు కాలాక ప్రభుత్వం ఖర్చు పెట్టనంది. దారి కనిపెట్టినవాళ్లకు బహుమానం మాత్రం ఇస్తామంది. ఆమ్‌స్టర్‌డామ్ నగర పెద్దలే ముందుకొచ్చి రెండు ఓడలు సిద్ధం చేశారు. ఒకదానికి కెప్టెన్ యాకోబ్ వాన్ హేమ్స్‌కెర్క్. సరుకు పూచీ కూడా ఆయనదే. దారి చూపే పని బేరెంట్స్‌ది. రెండో ఓడ యాన్ కార్నెలిస్ రైప్ చేతిలో. నావికులను ఎంచేటప్పుడు వీలైనంత వరకు పెళ్లికాని వాళ్లనే తీసుకున్నారు. ఆలుబిడ్డలు గుర్తొచ్చి సగం దారిలో వెనక్కి పోదామంటారని వాళ్ల భయం.

ఓడలోకి సరుకెక్కించారు. మేలురకం ఉన్ని బట్టలు, నార బట్టలు, మఖమల్. వాటితో పాటు ఒక విచిత్రమైన మూట కూడా ఎక్కింది. రాగి రేకుల మీద చెక్కి కాగితం మీద అచ్చొత్తిన బొమ్మలు. బైబిల్ గాథలు, రోమన్ వీరులు. చైనావాళ్లకు బొమ్మలంటే ఇష్టమై ఉంటుందని ఎవరో వర్తకుడు ఊహించాడు. చైనా గురించి చదువుకోవడానికి మెండోజా రాసిన చరిత్ర కూడా ఓడలో పెట్టుకున్నారు.

మంచు బిగించిన రోజు

1596 మే నెలలో బయల్దేరారు. జూన్‌లో ఒక దీవి దగ్గర తెల్ల ఎలుగుతో పోరాడి దాన్ని చంపారు. ఆ దీవికి ఎలుగు దీవి అనే పేరు నిలిచిపోయింది. ఇంకా పైకి వెళ్లి, సూదుల్లాంటి కొండలున్న నేలను చూసి స్పిట్స్‌బెర్గెన్ అన్నారు. జూలై 1న ఇద్దరు నాయకులకూ మాట పడలేదు. ఉత్తరానికే పోదామని రైప్ అన్నాడు. తూర్పుకు తిరగాలని బేరెంట్స్ అన్నాడు. ఎవరి దారిన వాళ్లు విడిపోయారు.

ఆగస్టులో బేరెంట్స్ ఓడ నోవాయా జెమ్ల్యా ఉత్తరపు కొస చుట్టి అవతలి వైపు దిగింది. ముందు నీరు కనిపించింది. ఇక దారి దొరికినట్టే అనుకున్నారు. ఆ ఆశ వారం రోజులైనా నిలవలేదు. నలువైపుల నుంచీ మంచు పలకలు కమ్ముకొచ్చాయి. ఆగస్టు 26న ఒక చిన్న అఖాతంలోకి తోసేసి బిగించేశాయి. ఓడ ముక్కు పైకి లేచింది. చుక్కాని విరిగింది. దూలాలు చిటచిటలాడే చప్పుడుకు ఏ క్షణాన పగులుతుందోనని తల వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయని డి వీర్ రాశాడు.

76 డిగ్రీల ఉత్తర అక్షాంశం. ఒక్క చెట్టు మొలవని నేల. అంత ఉత్తరాన అంతకు ముందు ఐరోపా మనిషెవడూ చలికాలం గడిపి బతికొచ్చి చెప్పిన దాఖలా లేదు.

అక్కడ వాళ్లకు దొరికిన మొదటి అదృష్టం దుంగలు. ఎక్కడో సైబీరియా నదుల వెంట కొట్టుకొచ్చి, సముద్రంలో తేలి, ఆ మోడు తీరాన ఒడ్డుకు పడ్డ పెద్ద పెద్ద మానులు. బండ్లు చేసుకుని, మైళ్ల దూరం మంచు మీద లాక్కొచ్చారు. లాగేటప్పుడు ఒక చేతిలో తుపాకీ ఉండాల్సిందే. ఎలుగులు ఎటు నుంచి వస్తాయో తెలియదు.

ఇల్లు కట్టాలంటే వడ్రంగి కావాలి. ఓడలో ఉన్నది ఒక్కడే. పని మొదలైన కొద్ది రోజులకే, సెప్టెంబర్ 23న, అతను చనిపోయాడు. గొయ్యి తవ్వుదామంటే నేల రాయిలా గడ్డకట్టింది. ఒక కొండ చీలికలో పెట్టి వచ్చారు. మిగిలిన 16 మందే వడ్రంగులయ్యారు. మన ఊళ్లలో వడ్రంగి మేకుల్ని పెదాల మధ్య పట్టుకుని ఒక్కొక్కటే తీసి కొడతాడు. వీళ్లూ అలాగే పెట్టుకున్నారు. తీస్తే పెదవి తోలు మేకుతో పాటు ఊడొచ్చింది, నెత్తురొచ్చింది.

పైకప్పుకు, గోడలకు ఓడ చెక్కల్నే ఊడదీశారు. ఇల్లు నిలబడ్డ రోజున గడ్డకట్టిన మంచుతో ఒక స్తంభం చేసి ఇంటి ముందు పాతారు. వాళ్ల ఊళ్లో వసంతోత్సవాలకు నిలబెట్టే పచ్చని మాను గుర్తుగా. మనం మామిడాకు తోరణం కట్టినట్టు. అక్టోబర్ 24కల్లా అందరూ ఇంట్లోకి మారారు. గోడల వెంట పడకలు, నడుమ పొయ్యి, మోగే గడియారం, ఎలుగు కొవ్వుతో వెలిగే దీపం. మంగలి పని, వైద్యం పని రెండూ చేసే మనిషి వైన్ పీపాను స్నానాల తొట్టిగా మార్చాడు.

మూటలు విప్పారు

నవంబర్ మొదటి వారంలో సూర్యుడు మునిగాడు. మళ్లీ లేవలేదు. సూర్యుడితో పాటు ఎలుగులు వెళ్లిపోయాయి, వాటి స్థానంలో నక్కలు వచ్చాయి. ఉచ్చులు పెట్టి పట్టారు. మాంసం కుందేలు మాంసంలా ఉందనుకుంటూ తిన్నారు. తోళ్లతో టోపీలు కుట్టుకున్నారు. గడ్డకట్టిన బీరు పీపాల్ని పగలగొట్టుకుని బయటికొచ్చింది. తోళ్ల బూట్లు కొమ్ములా బిగుసుకుపోయాయి. వాటిని పక్కన పడేసి, గొర్రె తోలుతో వదులు చెప్పులు చేసుకుని, లోపల మూడు నాలుగు జతల మేజోళ్లు తొడుక్కున్నారు. చొక్కాలు మరిగే నీళ్లలో ఉతికి పిండితే, పిండిన మెలికలోనే గడ్డకట్టేవి. రొట్టెను తూకం వేసి పంచుకున్నారు. చివరికి గడియారం కూడా చలికి ఆగిపోయింది. ఇక 12 గంటల ఇసుక గడియారమే కాలం. ఎవరో ఒకరు మేలుకుని ఉండి దాన్ని తిప్పాలి. తిప్పడం మరిచిపోతే ఏది పగలో ఏది రాత్రో చెప్పేవాడు లేడు.

అప్పుడు తీసుకున్నాడు హేమ్స్‌కెర్క్ ఒక నిర్ణయం. ఓడలోని సరుకు ఆయన సొత్తు కాదు, ఆమ్‌స్టర్‌డామ్ వర్తకులది. చైనాలో అమ్మి, వచ్చిన ప్రతి పైసాకూ లెక్క చెప్పాల్సిన సొత్తు. మనుషులు కళ్లెదుట కొయ్యబారిపోతున్నారు. ఆయన మూటలు విప్పించాడు. ముతక ఉన్ని బట్ట తలా ఇంత కోసి పంచాడు. నార బట్టలు చొక్కాలకు ఇచ్చాడు. చైనా దొరల ఒంటి మీద ఉండాల్సిన బట్ట నక్క తోలు టోపీల కింద గడ్డం మాసిన నావికుల ఒంటి మీదికి చేరింది. ఆ ప్రయాణం మొత్తంలో సరుకు నిజంగా గిట్టుబాటైంది ఆ ఒక్క రోజే.

బొమ్మల మూట జోలికి ఎవరూ పోలేదు. కాగితంతో చలి కాగదు. చెక్క గోడ వారగా అదొక మూల అలాగే ఉండిపోయింది.

జనవరి 5 సాయంత్రం వాళ్ల ఊళ్లో ముగ్గురు రాజుల పండుగ. ఇంటి దగ్గరైతే విందులు, ఆటలు. ఒక్క రాత్రికైనా మనసు మళ్లించుకుందామని కెప్టెన్‌ను అడిగారు. కొన్ని రోజులుగా తమ వంతు వైన్ తాగకుండా దాచుకున్నారు. రెండు పౌండ్ల పిండి తీసి నూనెలో అట్లు పోసుకున్నారు. రొట్టెను వైన్‌లో ముంచుకుని తిన్నారు. చీట్లు వేసి రాజును ఎన్నుకున్నారు. రాజ్యం ఫిరంగులు చూసే మనిషికి దక్కింది. రెండు సముద్రాల మధ్య చెట్టూ పుట్టా లేని వందల మైళ్ల మంచు నేలకు ఒక్క రాత్రి మహారాజు. డచ్చి నేల మీద సొంత ఇంట్లో ఉన్నట్టే గడిపామని డి వీర్ రాసుకున్నాడు.

ముందే వచ్చిన సూర్యుడు

జనవరి 24న డి వీర్, హేమ్స్‌కెర్క్, మరొకడు ఒడ్డున నడుస్తున్నారు. దక్షిణాన దిగంతం మీద ఎర్రగా ఒక అంచు కనిపించింది. సూర్యబింబం అంచు! పరుగున ఇంటికొచ్చి చెప్పారు. బేరెంట్స్ నమ్మలేదు. ఆయన లెక్క ప్రకారం సూర్యుడు రావాలంటే ఇంకా రెండు వారాలు ఉండాలి. పొరపాటు పడ్డారన్నాడు. మూడు రోజుల తర్వాత 27న బింబం మొత్తం పైకొచ్చింది.

హాలెండ్ తిరిగొచ్చాక కూడా ఈ సంగతి పండితులు నమ్మలేదు. చీకట్లో తేదీలు తప్పారన్నారు. ఇసుక గడియారం తిప్పడం మరిచిపోయారన్నారు. డి వీర్ ఊరుకోలేదు. అదే సమయంలో చంద్రుడూ గురుడూ ఒక్క చోటికి వచ్చిన సంగతి కళ్లారా చూశామని, గ్రహగణిత పట్టికలతో పోల్చి తేదీ తేల్చామని వాదించాడు. మన పంచాంగకర్తలకు బాగా అర్థమయ్యే వాదన అది. ఆయన చెప్పింది నిజమేనని తేలడానికి శతాబ్దాలు పట్టింది. నేలనంటి చల్లగాలి, దాని మీద వెచ్చని గాలి పొర ఉన్నప్పుడు, రెంటి మధ్య చిక్కిన వెలుగు భూమి వంపును అనుసరిస్తూ చాలా దూరం వస్తుంది. ఆ రోజు సూర్యుడు నిజానికి దిగంతానికి ఐదు డిగ్రీల కింద ఉన్నాడు. వాళ్లు చూసింది గాలి తెచ్చిపెట్టిన ప్రతిబింబాన్ని. ఈ వింతను ఇప్పుడు శాస్త్రం నోవాయా జెమ్ల్యా ప్రభావం అనే పిలుస్తుంది.

సూర్యుడు కనిపించిన ఆ రోజుల్లోనే, చాలాకాలంగా మంచాన ఉన్న ఒక నావికుడు కన్నుమూశాడు. మిగిలింది 15 మంది.

విరిగిన మంచు మీద మఖమల్

వేసవి వచ్చినా ఓడ కదల్లేదు. ఇక దాని మీద ఆశ వదులుకుని రెండు చిన్న పడవలకు మరమ్మతు మొదలుపెట్టారు. పైన కప్పైనా లేని పడవలు. మే నెలాఖరున ఒక ఎలుగు కాలేయం వండుకు తింటే అందరూ జబ్బుపడ్డారు. ముగ్గురికి తల నుంచి కాలి దాకా చర్మం ఊడిపోయింది. ధ్రువపు ఎలుగు కాలేయంలో విటమిన్ ఏ విషమయ్యేంతగా ఉంటుందని ఇవాళ మనకు తెలుసు.

బయల్దేరే ముందు బేరెంట్స్ ఒక ఉత్తరం రాశాడు. హాలెండ్ నుంచి చైనాకు బయల్దేరిన తమకు ఏం జరిగిందో అందులో వివరించాడు. దాన్ని తుపాకి మందు పోసుకునే గొట్టంలో పెట్టి పొగగొట్టంలో వేలాడదీశారు. ఆయన్ను, నడవలేని మరో నావికుడు క్లాస్ ఆండ్రిస్‌ను మంచుబండ్ల మీద ఒడ్డుకు లాక్కెళ్లారు.

పడవల్లోకి ఏం ఎక్కించారో డి వీర్ పట్టిక రాశాడు. రొట్టె, జున్ను, నూనె, వైన్. వాటి తర్వాత మేలురకం ఉన్ని బట్టల మూటలు, నార బట్టల పెట్టె, మఖమల్ మూటలు, డబ్బు పెట్టెలు. ఒక్కసారి ఆగి ఆ దృశ్యాన్ని తలుచుకోవాలి. పళ్లు కదిలి, కీళ్లు బిగుసుకుని, నడవడానికి ఓపిక లేని 15 మంది. ముందున్నది 2,500 కిలోమీటర్లకు పైగా మంచు సముద్రం. ప్రతి మూటా మంచు దిబ్బల మీదుగా చేతులతో ఎత్తి దించాలి. అయినా వర్తకుల మఖమల్‌ను వదిలేయలేదు. చలికి బట్ట పంచిన హేమ్స్‌కెర్కే, మిగిలిన సరుకును యజమానులకు అప్పజెప్పాలని పంతం పట్టాడు. చెప్పుకోవడానికి ఓడ లేదు, దారి లేదు, చైనా లేదు. లెక్క మాత్రం ఉంది.

1597 జూన్ 14న పడవలు కదిలాయి. రెండు రోజులకు దీవి ఉత్తరపు కొస దగ్గరికి వచ్చారు. ఇదేనా ఆ కొస అని బేరెంట్స్ డి వీర్‌ను అడిగాడు. తనను లేపి కూర్చోబెట్టమన్నాడు. మూడు ప్రయాణాల్లో తాను వెతికిన దారి మలుపు అక్కడే ఉంది. ఆఖరిసారి చూసుకున్నాడు.

మరునాడు మంచు పలకలు పడవల్ని నలిపేయబోయాయి. ఎవరైనా గట్టి మంచు మీదికి తాడు తీసుకెళ్లి కట్టాలి. అందరిలోకీ తేలికైనవాడు డి వీర్. పలక నుంచి పలకకు దూకుతూ తాడు చేర్చాడు. జబ్బుపడ్డ వాళ్లను మంచు మీద పరుపుల్లో పడుకోబెట్టి, సరుకు దించి, పడవల్ని పైకి లాక్కున్నారు.

జూన్ 20న, క్లాస్ ఆండ్రిస్ ఎక్కువసేపు బతకడని రెండో పడవ నుంచి కబురొచ్చింది. తనదీ ఎంతోసేపు కాదన్నట్టు బేరెంట్స్ మాట్లాడాడు. ఎవరికీ ఆ మాట నమ్మశక్యం కాలేదు. అప్పటిదాకా ఆయన డి వీర్ గీసిన పటాన్ని చూస్తూ, దాని గురించి మాట్లాడుతున్నాడు. తాగడానికి ఏదైనా ఇమ్మన్నాడు. తాగాడు. కళ్లు తేలేశాడు. అంతే. ఆ వెనకే ఆండ్రిస్ కూడా పోయాడు. జూలై మొదటి వారంలో మరొకడు. మిగిలింది 12 మంది.

జూలై 1న మంచు ఒక్కసారిగా పగిలి తిండి పీపాలు, సరుకు మూటలు కొన్ని కళ్ల ముందే నీటిపాలయ్యాయి. పట్టుకోగలిగినవి పట్టుకున్నారు.

జూలై చివర్లో రెండు రష్యన్ పడవలు ఎదురుపడ్డాయి. అందులో కొందరు వెనకటి ప్రయాణంలో వీళ్లను చూసిన వాళ్లే. చిక్కి శల్యమైన ముఖాల్ని చూసి గుర్తుపట్టి నివ్వెరపోయారు. ఓడ ఏదని సైగలతో అడిగారు. వచ్చీరాని రష్యన్‌లో ఓడ పోయిందని చెప్పారు. రష్యన్లు గుండ్రని రై రొట్టె, పొగబెట్టిన పక్షి మాంసం ఇచ్చారు. 13 నెలల తర్వాత వీళ్లు చూసిన మొదటి పరాయి మనుషులు వాళ్లే. ఆ తర్వాత ఒక దీవిలో చెంచా ఆకారంలో ఉండే ఆకు దొరికింది. పళ్లు కదిలించే స్కర్వీ జబ్బుకు మందని వాళ్లూరిలో విని ఉన్నారు. గుప్పెళ్లతో నమిలారు. నిన్న తెడ్డు వేయలేని వాడు కొద్ది రోజుల్లోనే తెడ్డు వేశాడు.

ఆగస్టు ఆఖరున, రష్యా ఉత్తర తీరంలోని కోలాకు దగ్గర్లో ఒడ్డున ఉండగా, ఆ ప్రాంతపు లాప్ తెగ మనిషి ఒకడి చేత ఉత్తరం వచ్చింది. సంతకం యాన్ కార్నెలిస్. ఆయనేనా, ఆ పేరుగల మరొకడా? తమతో విడిపోయిన రైప్ ఏనాడో చనిపోయి ఉంటాడని వీళ్ల నమ్మకం. హేమ్స్‌కెర్క్ తన కాగితాల్లో వెతికి, రైప్ రాసిన పాత ఉత్తరం తీసి చేతిరాత పక్కన పెట్టి చూశాడు. ఒక్కటే రాత. ఇంటికి వెళ్లి, మళ్లీ వ్యాపారానికి కోలా వచ్చిన రైప్ ఓడ అక్కడే ఉంది. అంత దూరం మోసుకొచ్చిన రెండు చిన్న పడవల్నీ కోలాలో వర్తకుల పెరట్లో గుర్తుగా వదిలి ఆ ఓడెక్కారు.

అప్పటికే తెరుచుకున్న దారి

1597 నవంబర్ 1, మధ్యాహ్నం. ఆమ్‌స్టర్‌డామ్ వీధిలో 12 మంది నడుస్తున్నారు. ఒంటి మీద నోవాయా జెమ్ల్యాలో వేసుకున్న బట్టలే. నెత్తిన తెల్ల నక్క తోలు టోపీలు. ఏనాడో చనిపోయారని అనుకున్న మనుషులు. ఊరి పెద్దలు డెన్మార్క్ రాయబారితో విందులో ఉంటే అక్కడికే పిలిపించి కథ చెప్పించుకున్నారు.

అయితే ఊరు అప్పటికే వేరే కథతో సందడిగా ఉంది. సరిగ్గా వీళ్లు తెరచాపలు ఎత్తి ఉత్తరపు మంచు సముద్రంలో కొట్టుకుపోతున్న ఆగస్టు 14న, కార్నెలిస్ డి హౌట్‌మన్ ఓడలు ఆఫ్రికా చుట్టూ జావా దాకా వెళ్లి తిరిగొచ్చాయి. 249 మంది వెళితే వచ్చింది 90 మందిలోపే. మిరియాలు మాత్రం వచ్చాయి. దక్షిణపు దారి తెరుచుకుంది. ఉత్తరపు దారిని అడిగే నాథుడు లేడు.

హేమ్స్‌కెర్క్ కూడా ఆ దారినే పట్టాడు. 1603లో సింగపూర్ దగ్గర శాంతా కాతరీనా అనే పోర్చుగీసు ఓడను పట్టుకున్నాడు. నిండా చైనా పట్టు, పింగాణీ. ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేస్తే 30 లక్షల గిల్డర్లకు పైగా వచ్చింది. అమ్మకానికి సరుకు మోసుకుంటూ ఎముకలు కొరికే చలిలో చైనాను వెతికిన మనిషికి, చివరికి చైనా సరుకు చేతికొచ్చింది దోపిడీ రూపంలో. నాలుగేళ్ల తర్వాత జిబ్రాల్టర్ యుద్ధంలో ఫిరంగి గుండుకు ఆయన చనిపోయాడు.

ఆ దక్షిణపు దారే మన తీరానికీ వచ్చింది. 1602లో డచ్చి ఈస్టిండియా కంపెనీ పుట్టింది. కొన్నేళ్లకే మచిలీపట్నంలో, అంటే మన బందరులో, వాళ్ల కోఠీ వెలిసింది. లవంగాల దీవుల్లో డచ్చివాళ్ల ఉన్ని బట్ట ఎవరికి కావాలి? అక్కడ చెల్లేది మన నేతగాళ్ల నూలు బట్ట, అద్దకం బట్ట. బందరు బట్ట ఇచ్చి దీవుల్లో సుగంధ ద్రవ్యాలు కొనేవాళ్లు. హాలెండ్ మనిషిని మనవాళ్లు వలందా అన్నారు. బందరులో వలందపాలెం ఇప్పటికీ ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ వర్తకులకు ఏ బట్ట చెల్లుతుందో తెలిసొచ్చేసరికి, చెల్లని బట్టతో వెళ్లిన వాళ్లలో ఐదుగురు మంచులో మిగిలిపోయారు.

మూట తిరిగొచ్చింది

1871 సెప్టెంబర్‌లో ఎల్లింగ్ కార్ల్‌సెన్ అనే నార్వే నావికుడు ఆ అఖాతంలో దిగాడు. మంచులో సగం కూరుకుపోయిన చెక్క ఇల్లు కనిపించింది. 274 ఏళ్లలో అక్కడ ఎవరైనా అడుగుపెట్టిన జాడ లేదు. పడకలు, రాగి గిన్నెలు, వేణువు, ఆగిన గడియారం, చైనా చరిత్ర పుస్తకం. మరో ఐదేళ్లకు అక్కడికి వెళ్లిన ఇంకొకరికి మందు గొట్టంలో ఉత్తరం దొరికింది.

ఒక మూల బొమ్మల మూట కూడా దొరికింది. వందల కాగితాలు తడిసి, గడ్డకట్టి, ఒకదానికొకటి అతుక్కుపోయి అట్ట దిమ్మలా తయారయ్యాయి. దాన్ని హాలెండ్‌కు తెచ్చారు. విప్పడానికి ఎవరికీ ధైర్యం చాలక మరో వందేళ్లు అలాగే ఉంచారు. 20వ శతాబ్దంలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం నిపుణులు పొర తర్వాత పొర వేరు చేశారు. చినిగిన అంచుల మధ్య నుంచి ఒక రోమన్ వీరుడి భుజం, బైబిల్ గాథలో ఒక ముఖం బయటపడ్డాయి.

ఏ చైనా కొనుగోలుదారుడూ వాటిని చూడలేదు. మనుషులు బతకడానికి పనికిరానివి కాబట్టి అవి మిగిలాయి. పనికొచ్చిన ఉన్ని బట్ట ఒంటి మీదే అరిగి చిరిగింది. మఖమల్ కొంత సముద్రం పాలైంది. ఎవరికీ అక్కరకు రాని ఆ బొమ్మల మూట మాత్రం చివరికి ఎక్కించిన రేవుకే తిరిగి చేరింది.